తుప్పే కదా అనుకుంటే... ముప్పే!

కార్ల వెనుక డిస్కు బ్రేకులపై ఉప్పుగాలి దాడి
తీర ప్రాంత వాహనదారులు తెలుసుకోవలసిన సంగతులు

కాకినాడ : సముద్రం పోటు మీద ఉన్నప్పుడు కాకినాడ - ఉప్పాడ బీచ్ రోడ్డు మీద ప్రయాణించిన వారికి ఆ అనుభవం కొత్త కాదు. కెరటం వచ్చి గట్టు రాళ్ళకు కొట్టుకుంటుంది. ఆ తుంపర లేచి రోడ్డు మీద, రోడ్డు మీది వాహనాల మీద పడుతుంది. అద్దం మీది నీటిని వైపర్లు తుడిచేస్తాయి. ఇంటికి చేరాక కారు ఒంటి మీద తెల్లటి ఉప్పు చారలు కనబడితే యజమాని తడిగుడ్డ పెట్టి తుడుచుకుంటాడు. కాని చక్రాల చాటున, కంటికి ఆనని చోట ఆ ఉప్పు చేసే పని మాత్రం ఎవరికీ పట్టదు. అక్కడ ఉండేవి బ్రేకు డిస్కులు. వాటికి పట్టేది తుప్పు.

ఒకప్పుడు ఈ జిల్లాలో కారంటే అంబాసిడరే. దానికి దశాబ్దాల పాటు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే ఉండేవి. 2014లో ఆ కారు తయారీ ఆగిపోయింది. ఇప్పుడు ఏ కారు చూసినా ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు ఉంటున్నాయి. కాస్త ఖరీదైన కార్లకు వెనుక చక్రాలకూ డిస్కులే. బ్రేకు బాగా పట్టుకుంటుందని, చూడటానికి అందంగా ఉంటుందని జనం ఇష్టపడి కొంటున్నారు. అంతవరకు బాగానే ఉంది. అయితే డ్రమ్ములో బ్రేకు మూత పెట్టిన గిన్నెలో ఉన్నట్లు ఉండేది. డిస్కు ఆరుబయట ఉంటుంది. గాలి, నీరు, దుమ్ము, ఉప్పు నేరుగా తగులుతాయి. ఈ తేడాను గమనించని వారు వేల రూపాయల బిల్లులు చెల్లించుకుంటున్నారు. బిల్లుతో పోతే పరవాలేదు, ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం కూడా లేకపోలేదు.

డిస్కు అంటే ఏమిటి?

చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్ళెమే డిస్కు. పెడల్ తొక్కగానే గొట్టాలలోని బ్రేకు ద్రవం ఒత్తిడికి కాలిపర్‌లోని పిస్టన్ ముందుకు జరుగుతుంది. డిస్కుకు అటొకటి, ఇటొకటి ఉన్న రెండు ప్యాడ్లు దానిని పటకారులా బిగించి పట్టుకుంటాయి. ఆ రాపిడికి చక్రం ఆగుతుంది.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ అనే ఇంజనీరు 1902లోనే దీనికి పేటెంటు తీసుకున్నారు. 1953లో ఫ్రాన్సులో జరిగిన లె మాన్ 24 గంటల పందెంలో డిస్కు బ్రేకులు ఉన్న జాగ్వార్ కారు గెలవడంతో వాటి సత్తా లోకానికి తెలిసింది.

డిస్కును పోత ఇనుముతో చేస్తారు. మోటారు సైకిలు డిస్కు తుప్పు పట్టదు గదా, కారు డిస్కుకే ఎందుకు పడుతుందని చాలామంది అడుగుతుంటారు. మోటారు సైకిలు డిస్కు సాధారణంగా స్టెయిన్‌లెస్ ఉక్కుతో ఉంటుంది. కారు బరువు ఎక్కువ, బ్రేకు కొట్టినప్పుడు పుట్టే వేడి కూడా ఎక్కువ. ఆ వేడిని త్వరగా పీల్చుకుని గాలికి వదలడంలో పోత ఇనుము మేలైనది. ధర తక్కువ, చప్పుడును మింగేస్తుంది, లేతు మీద చక్కగా తిరుగుతుంది. ఒక్క లోపమల్లా తుప్పు. దానికి రంగు వేద్దామంటే ప్యాడ్లు రాసుకునే చోట ఏ రంగూ నిలవదు. కంపెనీ వారు అంచులకు, నడుమనున్న టోపీ భాగానికి పూత వేస్తారు గాని, రాపిడి పడే ముఖం మాత్రం ఉత్త ఇనుమే.

ముందు మెరుపు, వెనుక మరక

ఒకే కారు, ఒకే రోడ్డు, ఒకే వాన. అయినా ముందు డిస్కులు అద్దంలా మెరుస్తుంటే వెనుకవి గోధుమ రంగు తిరిగి ఉంటాయి. దీనికి కారణం లేకపోలేదు. బ్రేకు కొట్టగానే కారు బరువు ముందుకు ఒరుగుతుంది. బస్సులో నిలబడిన వారు బ్రేకు పడగానే ముందుకు తూలినట్టే ఇదీ. అందువల్ల ఆపే పనిలో మూడింట రెండు వంతులో, అంతకంటే ఎక్కువో ముందు బ్రేకులే చేస్తాయి. వెనుక బ్రేకులు మరీ గట్టిగా పట్టుకుంటే చక్రాలు జారి కారు తోక తిప్పుతుంది కనుక కంపెనీ వారే వాటి వంతు తగ్గించి పెడతారు.

వాడే కత్తికి తుప్పు పట్టదంటారు. ముందు డిస్కును ప్యాడ్లు రోజూ గట్టిగా తోముతాయి. వెనుక డిస్కును మెల్లగా తాకి వదిలేస్తాయి. పైగా ముందు చక్రాలు చిమ్మిన బురద, నీరు వచ్చి పడేది వెనుక చక్రాల మీదనే. నెమ్మదిగా నడిపేవారు, ఊళ్ళో రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే తిరిగేవారు బ్రేకును మృదువుగా వాడతారు. వారి కార్లకే వెనుక తుప్పు ఎక్కువగా కనబడటం విచిత్రమే అయినా నిజం.

ఉప్పు చేసే పని

ఇనుము, నీరు, గాలిలోని ఆక్సిజన్ కలిస్తే తుప్పు పుడుతుంది. అందులో ఉప్పు చేరిందా, పని పదింతలు చురుకవుతుందన్నట్టే ఉంటుంది. ఉప్పునీటిలో విద్యుత్తు తేలికగా ప్రవహిస్తుంది. తుప్పు పట్టడమన్నది నిజానికి ఇనుము ఉపరితలం మీద జరిగే చిన్న చిన్న బ్యాటరీల వంటి చర్య. సముద్రపు నీటిలో లీటరుకు ఇంచుమించు 35 గ్రాముల దాకా లవణాలు ఉంటాయి. నీరు ఆవిరైపోయినా ఉప్పు అక్కడే ఉండిపోతుంది. రాత్రి మంచు పడితే, తేమ గాలి వీస్తే ఆ ఉప్పు మళ్ళీ చెమ్మగిల్లి తన పని మొదలుపెడుతుంది. వానాకాలంలో ఉప్పు డబ్బా మూత తీస్తే ముద్ద కట్టి ఉండటం తీర ప్రాంతపు ఇల్లాళ్ళకు తెలిసిన సంగతే. డిస్కు మీద జరిగేదీ అదే.

బీచ్ రోడ్డు మీద తిరిగే కార్లకే ఈ బెడద అనుకోవడం పొరపాటు. సముద్రపు గాలి ఉప్పును ఊరి లోపలికీ మోసుకు వస్తుంది. ఉప్పునీటి రొయ్యల చెరువుల గట్ల మీద గంటల తరబడి నిలిపే కార్లు, రేవుల దగ్గర చేపల పెట్టెల నుంచి కారిన నీటిలో తిరిగే కార్లు కూడా ఈ జాబితాలోనివే. భీమిలి, మచిలీపట్నం, చీరాల, కృష్ణపట్నం వంటి ప్రతి తీరపు ఊరికీ ఇది వర్తిస్తుంది.

కదలని కారుకే కష్టాలు

తుప్పుకు అన్నింటికంటే ఇష్టమైనది నిలిచి ఉన్న కారు. కోనసీమలోనూ, కాకినాడ పరిసరాల్లోనూ ఇప్పుడు ఒక కొత్త రకం కారు కనబడుతోంది. కొడుకో కూతురో అమెరికాలోనో, హైదరాబాదులోనో ఉద్యోగం. ఇక్కడ తల్లిదండ్రుల కోసం కారు కొని ఇంటి ముందు పెడతారు. తండ్రికి నడపడం రాదు, లేదా వయసు మీద పడింది. డ్రైవరును పిలిస్తే తప్ప కారు కదలదు. పండగకు పిల్లలు వచ్చినప్పుడు గుడ్డ కప్పు తీసి కడుగుతారు. ముందు అద్దానికి పసుపు కుంకుమ పెడతారు. అయిదుగురో ఆరుగురో ఎక్కి, డిక్కీ నిండా సామాను వేసుకుని హైవే ఎక్కుతారు. ఏడాదిలో పది నెలలు నిద్రపోయిన బ్రేకులను ఆ ఒక్క రోజున గంటకు 80, 100 కిలోమీటర్ల వేగంలో పరీక్షకు పెడతారు.

గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క సెకనులో 22 మీటర్లు దాటుతుంది. వెనుక సీటు నిండి, డిక్కీ బరువెక్కినప్పుడు వెనుక చక్రాల మీద బరువు పెరుగుతుంది కనుక వెనుక బ్రేకుల అవసరమూ పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే అవి సగం పట్టుకుంటే, లేదా ఒక పక్క పట్టుకుని రెండో పక్క పట్టుకోకపోతే ఏమవుతుందో వేరే చెప్పనవసరం లేదు. వాన రోడ్డు మీద అయితే కారు పక్కకు లాగేస్తుంది.

2020 మార్చి 25 నుంచి కరోనా లాక్‌డౌన్ అమలైనప్పుడు దేశమంతటా కార్లు వారాల తరబడి నిలిచిపోయాయి. మళ్ళీ బయటికి తీసిన రోజున వెనుక చక్రాలు కదలక మొరాయించిన కార్లు ఎన్నో. హ్యాండ్ బ్రేకు వేసి వదిలేయడంతో ప్యాడు, డిస్కు తుప్పుతో అతుక్కుపోవడమే అందుకు కారణం. ఇంజను బలంతో లాగితే టక్కుమని ఊడి వస్తాయి. ఒక్కొక్కసారి ప్యాడు రేకు నుంచి రాపిడి ముక్క ఊడిపోయి డిస్కుకే అంటుకుని ఉండిపోతుంది కూడా.

మరొక సంగతి గమనించాలి. హ్యాండ్ బ్రేకు పనిచేసేది సాధారణంగా వెనుక చక్రాల మీదనే. అన్నవరం రత్నగిరి మీదనో, సింహాచలం కొండ మీదనో ఏటవాలులో కారు నిలిపి దర్శనానికి వెళ్ళేవారు ఆ వెనుక బ్రేకుల మీదనే భారం వేసి వెళుతున్నారు. డిస్కు ముఖం గుంటలు పడితే ఆ పట్టు సడలుతుంది.

పై తుప్పా? లోతు తుప్పా?

తుప్పు కనబడగానే కంగారు పడవలసిన పని లేదని అనుభవజ్ఞులైన మెకానిక్కులు చెబుతారు. తుప్పులో రెండు రకాలు ఉన్నాయి.

రాత్రి వాన పడి, లేదా కారు కడిగి, తెల్లవారి చూస్తే డిస్కు మీద నారింజ రంగు పొర ఉంటుంది. ఇది పై తుప్పు. కారు బయలుదేరి నాలుగైదు సార్లు బ్రేకు వేస్తే చెరిగిపోతుంది. మొదటి రెండు సార్లు గరగరమనే చప్పుడు వస్తుంది. దానికి భయపడనవసరం లేదు, ఖర్చు పెట్టనవసరం అంతకంటే లేదు.

రెండోది లోతు తుప్పు. బ్రేకులు వేసి పది పదిహేను కిలోమీటర్లు తిరిగి వచ్చినా డిస్కు మీద గోధుమ రంగు మచ్చలు, వలయాలు అలాగే ఉంటాయి. ప్యాడు తాకిన చోట మెరిసే పట్టీ సన్నబడి, అంచు వైపు తుప్పు వెడల్పవుతూ లోపలికి జరుగుతుంటుంది. డిస్కు చల్లారాక గోరు పెట్టి గీస్తే గుంటలు, గాడులు తగులుతాయి. అంచున గట్టు లేచి, పెచ్చులు ఊడుతుంటాయి. ఇది బ్రేకులతో పోయే తుప్పు కాదు.

చూడవలసిన ముఖ్యమైన చోటు మరొకటి ఉంది. చక్రం చువ్వల సందులోంచి మనకు కనబడేది డిస్కు బయటి ముఖం. అది శుభ్రంగా ఉన్నంత మాత్రాన సంతోషించకూడదు. కాలిపర్ జారే పిన్నులు బిగుసుకుపోతే ఒక ముఖమే ప్యాడుకు తగిలి, రెండో ముఖం తుప్పు తినేస్తుంది. లోపలి ముఖం చూడాలంటే కారు కిందికి తొంగి టార్చిలైటు వేయాలి, లేదా చక్రం విప్పాలి. పైన పటారం లోన లొటారం అన్న సామెత బ్రేకు డిస్కుకు సరిగ్గా సరిపోతుంది.

ఇవీ గుర్తులు

బ్రేకు వేసినప్పుడల్లా వెనుక నుంచి రోటిలో ఇసుక నూరినట్టు చప్పుడు. పెడల్ కింద పాదానికి అదురు. కారు ఒక పక్కకు లాగడం. చదునైన చోట న్యూట్రల్‌లో పెట్టి తోస్తే తేలికగా కదలకపోవడం. పెట్రోలు ఖర్చు పెరగడం. ప్రయాణం తరువాత ఒక వెనుక చక్రం మాత్రమే మిగతా వాటికంటే ఎక్కువ వేడిగా ఉండటం, కాలిన వాసన రావడం. ఇవన్నీ బ్రేకు బిగుసుకుందని చెప్పే గుర్తులే. చక్రం వేడిని చూడటానికి అరచేతి వెనుక భాగాన్ని దగ్గరగా పెట్టి చూస్తే చాలు, ముట్టుకోకూడదు. గట్టిగా బ్రేకు పడిన డిస్కు వందల డిగ్రీల వేడెక్కుతుంది. దాని మీద చన్నీళ్ళు పోయడం కూడా తగదు.

తుప్పు వదిలించే మార్గం

తుప్పు ఇంకా లోతుకు పోకపోతే డబ్బు ఖర్చు లేని మార్గం ఒకటి ఉంది. రద్దీ లేని, చదునైన, పొడిగా ఉన్న రోడ్డు చూసుకోవాలి. వెనుక వాహనాలు లేవని నిర్ధారించుకోవాలి. 60 కిలోమీటర్ల వేగం నుంచి 20కి వచ్చేదాకా ఒక మోస్తరు గట్టిగా, సమంగా బ్రేకు వేయాలి. పూర్తిగా ఆపకూడదు. మళ్ళీ వేగం పెంచి, కాస్త దూరం చల్లారనిచ్చి, ఇలా ఎనిమిది పది సార్లు చేయాలి. చివరన కొంతదూరం బ్రేకు వేయకుండా నడిపి చల్లార్చాలి. వేడి డిస్కుతో కారు నిలిపి హ్యాండ్ బ్రేకు లాగకూడదు.

ఖాళీ మైదానంలో కారును నెమ్మదిగా వెనక్కి నడుపుతూ బ్రేకు వేయడం మరో చిట్కా. అప్పుడు బరువు వెనుక చక్రాల వైపు ఒరుగుతుంది కనుక వెనుక ప్యాడ్లకు కాస్త ఎక్కువ పని దొరుకుతుంది. చేతితో లాగే హ్యాండ్ బ్రేకు ఉన్న కార్లలో నడక వేగంలో దానిని కొద్దిగా లాగి వదిలితే కూడా డిస్కు తోముకుంటుంది. బటన్ నొక్కే ఎలక్ట్రిక్ బ్రేకు ఉన్న కార్లలో ఈ పని చేయరాదు.

ఇలా చేశాక కూడా మచ్చలు పోకపోతే మెకానిక్కు దగ్గరకు వెళ్ళవలసిందే.

విప్పి చూసేటప్పుడు

వర్కుషాపులో చేయించినా, చేయి తిరిగిన వారు ఇంటి దగ్గర చేసుకున్నా కొన్ని జాగ్రత్తలు తప్పవు. ముందు చక్రాలకు రెండు వైపులా దిమ్మలు అడ్డం పెట్టాలి. వెనుక చక్రం విప్పాలి కనుక హ్యాండ్ బ్రేకు వదిలి ఉంచాలి. నట్లు వదులు చేశాకే జాకీ ఎత్తాలి. ఒక్క జాకీని నమ్ముకుని కారు కింద చేయి పెట్టకూడదు, స్టాండు వేసుకోవాలి.

తీసిన కాలిపర్‌ను గొట్టానికి వేలాడనీయకూడదు. తీగతో స్ప్రింగుకు కట్టాలి. జారే పిన్నులు చేతితో కదిపితే కదలాలి. తుప్పు పట్టి ఉంటే శుభ్రం చేసి, బ్రేకుల కోసమే తయారైన గ్రీజు రాయాలి. మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బించి పాడు చేస్తుంది. ప్యాడ్లు కూర్చునే బ్రాకెట్ గాడులలో చేరిన తుప్పును వైరు బ్రష్షుతో గీకాలి. ఇనుము తుప్పుగా మారినప్పుడు ఉబ్బి, అసలు ఇనుము కంటే రెట్టింపు కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఉబ్బు వల్లనే ప్యాడు గాడిలో ఇరుక్కుని వెనక్కి జరగదు. చాలా సందర్భాలలో అసలు రోగం డిస్కులో కాక ఈ పిన్నులలో, ఈ గాడులలోనే ఉంటుంది. దానిని వదిలి డిస్కు ఒక్కటే మారిస్తే ఏడాది తిరిగేసరికి కొత్త డిస్కుకూ అదే గతి పడుతుంది.

బ్రేకు పొడిని గాలి కొట్టి లేపకూడదు. అది ఊపిరితిత్తులకు హాని. పాత రకం ప్యాడ్లలో ఆస్బెస్టాస్ కూడా ఉండేది. తడిపి తుడవడమే మేలు. రాపిడి ముఖం మీద పైపై తుప్పు ఉంటే ఎమరీ కాగితంతో రుద్ది, బ్రేకు క్లీనర్‌తో తుడిస్తే సరిపోతుంది.

వెనుక కాలిపర్‌లో మరో మెలిక ఉంది. హ్యాండ్ బ్రేకు కూడా అందులోనే ఇమిడి ఉన్న కార్లలో పిస్టన్‌ను నెట్టితే పోదు, తిప్పుతూ లోపలికి పంపాలి. ఎలక్ట్రిక్ బ్రేకు ఉన్న కార్లలో ముందుగా దానిని సర్వీసు స్థితిలో పెట్టాలి. ఈ సంగతి తెలియక బలవంతంగా నొక్కితే కాలిపరే పాడవుతుంది. పని అంతా ముగిశాక, కారు కదిలించక ముందు పెడల్‌ను గట్టిపడే దాకా పలుమార్లు తొక్కాలి. ఇది మరచి గేరు వేస్తే మొదటి బ్రేకు పడదు.

మార్చడమా? మానడమా?

కారు సర్వీసుకు ఇచ్చిన చోట “వెనుక డిస్కులు మార్చాల్సిందే” అనే మాట వినగానే ఒప్పుకోవడమో, మోసమని కోప్పడటమో రెండూ సరికాదు. కొలతే దీనికి సాక్ష్యం. డిస్కు కనీస మందం ఎంత ఉండాలో దాని అంచు మీదనో టోపీ మీదనో చెక్కి ఉంటుంది. తుప్పు వల్ల చదవలేకపోతే కారు పుస్తకం ప్రకారం చూడాలి. చాలా కార్లలో వెనుక డిస్కు కొత్తలో 9, 10 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు అరిగేసరికి దాని ఆయుష్షు తీరినట్టే. అంచు గట్టును వదిలి, ప్యాడు తిరిగే చోట నాలుగైదు తావుల్లో కొలవమని యజమాని అడగవచ్చు. పక్కన నిలబడి చూడవచ్చు కూడా. అడగడంలో తప్పు లేదు.

మందం తగినంత ఉండి, గుంటలు లోతుగా లేకపోతే లేతు మీద తిరగవేయించవచ్చు. తిరగవేశాక కూడా కనీస మందం మిగలాలి. మిగలకపోతే మార్చక తప్పదు. బీటలు కనబడితే ఆలోచించవలసిన పనే లేదు. ప్యాడ్ల రాపిడి భాగం 3 మిల్లీమీటర్లకు దిగితే అవీ మార్చాలి. డిస్కులు ఎప్పుడూ జతగానే మార్చాలి. ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది ఉంటే బ్రేకు సమంగా పడదు. కొత్త డిస్కులకు పాత ప్యాడ్లు వేయకూడదు. బిగించే ముందు హబ్బు ముఖాన్ని తుప్పు లేకుండా తోమాలి. అక్కడ వెంట్రుక మందం తుప్పు మిగిలినా డిస్కు వంకరగా కూర్చుని, పోనుపోను పెడల్ అదురుతుంది. కొత్త డిస్కుకు తుప్పు పట్టకుండా పూసిన నూనెను తుడిచాకే బిగించాలి. తీరంలో ఉండేవారు అంచులకు పూత ఉన్న డిస్కులనే అడిగి తీసుకోవడం మంచిది.

డిస్కులు, ప్యాడ్లు అరుగుదల వస్తువులు కనుక సాధారణంగా వారంటీ వర్తించదు. కొనేటప్పుడే షరతులు చదువుకుంటే తరువాత వాదులాట ఉండదు.

నూనె కొట్టవద్దు

తుప్పు పట్టకుండా కారు అడుగున డీజిలో, వాడేసిన ఇంజను ఆయిలో కొట్టించడం మన ప్రాంతంలో పాత అలవాటు. ఆ తుంపర డిస్కు మీద, ప్యాడ్ల మీద పడితే అంతకంటే ప్రమాదం మరొకటి లేదు. నూనె పీల్చిన ప్యాడు ఎంత తుడిచినా బాగుపడదు, మార్చవలసిందే. చప్పుడు పోతుందని స్ప్రే నూనెలు డిస్కు మీద కొట్టేవారూ ఉన్నారు. చప్పుడుతో పాటు బ్రేకూ పోతుంది. అడుగున ఏ పూత వేయించినా నాలుగు చక్రాలనూ కప్పి వేయించాలి.

వరదలో మునిగిన కార్లు

2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో వేలాది వాహనాలు మునిగాయి. అటువంటి కార్లకు ఇంజను, సీట్లు, వైర్లు బాగు చేయించిన వారు బ్రేకులను మరచిపోకూడదు. బురద నీరు పిన్నుల రబ్బరు తొడుగుల్లో చేరితే నెలల తరువాత తుప్పు బయటపడుతుంది. బ్రేకు ద్రవానికి గాలిలోని తేమను పీల్చే గుణం ఉంది. నీరు చేరిన ద్రవం వేడికి ఆవిరై పెడల్ మెత్తబడిపోతుంది. మామూలు రోజుల్లోనే రెండేళ్ళకొకసారి మార్చవలసిన ద్రవాన్ని వరద తరువాత వెంటనే మార్పించడం అవసరం. పాత కారు కొనేవారు కూడా వెనుక డిస్కు లోపలి ముఖం చూస్తే ఆ కారు ఎంతకాలం నిలిచి ఉందో, ఏ నీళ్ళలో తిరిగిందో కొంత తెలుస్తుంది.

కరెంటు కార్లకూ ఇదే బెడద

విద్యుత్తు కార్లు వస్తే ఈ బాధ తీరుతుందని అనుకుంటే అదీ లేదు. వాటిలో వేగం తగ్గించేటప్పుడు మోటారే డైనమోగా మారి బ్యాటరీకి కరెంటు పంపుతుంది. ఆ పనితోనే కారు నెమ్మదిస్తుంది కనుక ప్యాడ్లకు పని బాగా తగ్గుతుంది. పని తగ్గితే తుప్పు పెరుగుతుంది. జర్మనీకి చెందిన ఫోక్స్‌వాగన్ కంపెనీ తన ఐడి.3, ఐడి.4 విద్యుత్తు కార్లకు వెనుక చక్రాలకు మళ్ళీ డ్రమ్ము బ్రేకులనే అమర్చింది. మూత ఉన్న గిన్నె విలువ తెలిసివచ్చిందన్నమాట.

తనిఖీ ఎవరిది?

టాక్సీలు, లారీలు, బస్సులకు నిర్ణీత కాలానికి ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. సొంత కారుకు ఆ ఏర్పాటు లేదు. ఒకసారి రిజిస్ట్రేషన్ అయితే 15 ఏళ్ళు చెల్లుతుంది. ఆ తరువాతనే అయిదేళ్ళకొకసారి పరీక్షించి పొడిగిస్తారు. రోడ్డు మీద ఆపి అడిగేది లైసెన్సు, బీమా, పొగ పరీక్ష కాగితం. పొగ కొలిచే యంత్రానికి బ్రేకు సంగతి తెలియదు. అంటే తీరాన ఉప్పుగాలిలో 15 ఏళ్ళు తిరిగే కారు బ్రేకును యజమాని చూసుకుంటే చూసుకున్నట్టు, లేకపోతే లేదు. రవాణా శాఖ వారు పండుగల ముందు, వానాకాలం ముందు తీరపు పట్టణాలలో సొంత కార్లకు ఉచిత బ్రేకు పరీక్షా శిబిరాలు పెడితే ఎంతో మేలు జరుగుతుంది. ఎడమ చక్రానికి, కుడి చక్రానికి బ్రేకు సమంగా పడుతున్నదీ లేనిదీ రోలర్ల యంత్రం నిమిషాల్లో చెప్పేస్తుంది.

అందాకా కారు యజమానులు తమంతట తాము చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. ఉప్పు తుంపర పడిన రోజున మంచినీటితో చక్రాల లోపల కూడా కడగాలి. కడిగాక అలాగే నిలపకుండా ఒక కిలోమీటరు తిరిగి, నాలుగు సార్లు బ్రేకు వేసి ఆరబెట్టి నిలపాలి. వారానికి ఒకసారైనా పది కిలోమీటర్లు నడపాలి. రోజుల తరబడి నిలిపేటప్పుడు చదునైన చోట గేరులో పెట్టి, చక్రాలకు దిమ్మలు అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేకు వదిలేయాలి. ఆటోమేటిక్ కారును పార్కులో పెట్టాలి. ఏడాదికొకసారి, వానాకాలం వెళ్ళగానే, వెనుక చక్రాలు విప్పించి పిన్నులు శుభ్రం చేయించాలి. దానికయ్యే కూలి కొత్త డిస్కుల జత ధరలో చిన్న భాగమే.

సంక్రాంతికి గుడ్డ కప్పు తీసి కారు కడిగే ఇళ్ళలో పసుపు కుంకుమతో పాటు టార్చిలైటు కూడా సిద్ధం చేసుకోవాలి. బంధువులను ఎక్కించుకోక ముందు ఇంట్లో ఒకరు వంగి వెనుక చక్రాల లోపలికి ఒక్కసారి చూడాలి. ఆ పనికి అయిదు నిమిషాలు చాలు.